ఇది చేసిందెవురప్పా?

వర్తూరు జయరామప్ప చేతికి ఏ వస్తువిచ్చినా ముందు దాన్ని తిరగేసి చూస్తాడు. చూసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఇది చేసిందెవురప్పా?" అంటాడు. వస్తువు మంచిదా చెడ్డదా అన్నది తరవాతి మాట. పెళ్ళిపత్రిక ఇస్తే పెళ్ళికూతురి పేరు చదవడు, అడుగున ప్రెస్సు వాడి పేరు వెతుకుతాడు. మోకాళ్ళ నొప్పికని కొత్త డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, మోకాలు చూపించకముందే "మీకు చదువు చెప్పినాయన ఎవురు సార్?" అని అడిగాడు. డాక్టరు మొహమాటపడి గూగుల్‌లో చూడమన్నాడు. ఈయన లేచి, కుంటుకుంటూ ఇంటికొచ్చేశాడు.

ఇలాంటి మనిషి ఇంట్లో కోడలుగా బతకడం ఎలా ఉంటుందో నళినిని అడగాలి. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి ఆమె ఏనాటి నుంచో సిద్ధంగా ఉంది.

జయరామప్ప పిచ్చికి మూలవిరాట్టు కత్తులు. మడిచి జేబులో వేసుకునే రకం కాదు, కోసే అలుగు ఇనుమే పిడి చివరిదాకా పోయే వేటకత్తులు. ముందుగది గోడ నిండా అవే. జింక తోలు వలిచేది, చేప పొట్ట చీల్చేది, అడవిపందికి అడ్డం నిలబడేది, దేని ఒర దానికి, దేని మేకు దానికి. ఇంతా చేసి ఆయన పుట్టి బుద్ధెరిగి ఒక్క వేటకూ పోయినవాడు కాడు. వర్తూరు చెరువులో మురుగు నురగ తప్ప వేటాడటానికి మిగిలిందేమీ లేదు. అదీగాక కోడిమాంసం అంగడి ఎదురైతే కళ్ళు తిరుగుతాయని రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాడు.

అడవిపందికి కత్తి ఉన్న ఆ ఇంట్లో ఉల్లిగడ్డకు కత్తి లేదు. నళిని కాపురానికి వచ్చినప్పుడు వంటింట్లో ఉన్న సంతకత్తే ఇప్పటికీ ఉంది. నారింజరంగు ప్లాస్టిక్ పిడి సగం విరిగింది, మిగిలిన సగానికి గుడ్డ చుట్టింది. దాంతో టమోటా కోస్తే కోసినట్టు ఉండదు, తెగమని టమోటాను బతిమాలినట్టు ఉంటుంది.

"మామా, వంటింటికి ఒక మంచి కత్తి తెచ్చియ్యండి," అని పండగ పండగకూ అడిగేది.

"తెస్తానమ్మా. చేసేటోడు దొరకవల్ల కదా," అనేవాడు జయరామప్ప, గోడ మీది కత్తికి నూనెగుడ్డ పట్టిస్తూ.

గోడ నిండా చేసేవాళ్ళు దొరికారు. కోడలి వంటింటికి వచ్చేసరికి దేశంలో కమ్మరి కరువొచ్చింది. అడవిపంది అయి పుట్టినా ఈ ఇంట్లో ఇంతకన్నా మర్యాద దొరికేదని నళినికి తరచూ అనిపించేది.

ఆమె కోపానికి కత్తి ఒక్కటే కారణం కాదు. అసలు ముల్లు పెళ్ళిచూపుల నాడే దిగింది. నళిని తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఇంకో సంసారం చూసుకున్నాడు. పిల్ల ముళబాగిలు మేనమామ ఇంట కొన్నాళ్ళు, కోలారు పెద్దమ్మ ఇంట కొన్నాళ్ళు, మదనపల్లె పిన్నమ్మ ఇంట కొన్నాళ్ళు పెరిగింది. ఎక్కడా వడ్డించిన విస్తరి కాదు, వడ్డించే చెయ్యి. పెళ్ళిచూపుల్లో బజ్జీల పళ్ళెం ముందు పెట్టగానే జయరామప్ప తన మామూలు ప్రశ్న వేశాడు.

"బజ్జీ చేసిందెవురు?"

"నేనేనప్పా," అంది పిన్నమ్మ, పట్టుచీర సర్దుకుని. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడింది నళిని. ఆ మాట చెప్పే వీలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

"పిల్లను పెంచిందెవురు?"

"అందరమూ కలిసి పెంచినామప్పా."

జయరామప్ప బజ్జీ కొరికి తల ఊపాడు. "అందరూ కలిసి చేసినారంటే ఎవురూ చేయలేదని," అన్నాడు.

అది ఫ్యాక్టరీ కత్తుల గురించి ఆయన నిత్యం చెప్పే మాట. టర్నరుగా పనిచేసిన కాలంలో నేర్చుకున్నది. అది కత్తుల గురించి అన్న మాటని నళినికి తరవాత తెలిసింది. తెలిసినాక ఇంకా మండింది. పెళ్ళయితే అయింది గానీ, ముద్ర లేని సరుకు కింద తనను ఈ ఇంట జమ కట్టారని ఆమె నమ్మకం.

ఆ నమ్మకానికి రోజూ నీళ్ళు పోసేవాడు మామగారు. ఇంట్లో ఉండేది ముగ్గురు. అందులో వంట వచ్చింది ఒక్కరికి. అయినా సరే, మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చోగానే సాంబారులో వేలు ముంచి నాకి, "ఇది చేసిందెవురు?" అనేవాడు.

"గ్యాసు పొయ్యి చేసింది మామా."

"అట్లనా. బాగా చేసిందిలే," అని తినేవాడు. వెటకారం ఆయనకు తగిలేది కాదు. తగలని మనిషి మీద వెటకారం దండగని తెలిసీ నళిని మానలేదు.

హోటలుకు తీసుకుపోతే ఇంకా ఘోరం. ఒకసారి మడివాళ మార్కెట్టు దగ్గర దర్శిని హోటల్లో నిలబడి వడ తింటూ సగంలో ఆపాడు. నళిని ఒకడుగు పక్కకు జరిగింది. అనుకున్నంతా అయింది.

"ఇది చేసిందెవురప్పా?" అని కౌంటరు వాడిని అడిగాడు.

"ఏం సార్, వెంట్రుక వచ్చిందా?" అన్నాడు వాడు భయపడి.

"లేదప్పా. పేరు చెప్పు."

వెనక టోకెన్లు పట్టుకున్న జనం కన్నడంలోనూ తమిళంలోనూ తిట్టడం మొదలుపెట్టారు. జయరామప్ప కదలడే. చివరికి లోపల్నుంచి నూనె కారుతున్న చేతులతో ఒక నల్లటి మనిషి బయటికి వచ్చాడు, ఏం తప్పు జరిగిందో అని బిక్కమొహం వేసుకుని. "నీవేనా? పేరు?" అన్నాడు జయరామప్ప. "దొడ్డప్ప," అన్నాడు ఆయన. "దొడ్డప్పా, చాలా బాగుండాది," అని ఆ నూనెచెయ్యి పట్టుకుని ఊపి వదిలాడు. ఆ మనిషి లోపలికి పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నళిని అది చూడలేదు. తన వెనక నిలబడి "ఈ ముసలోణ్ణి ఇంట్లో పెట్టుకోమ్మా" అన్న మనిషి మొహమే ఆమెకు గుర్తుంది.

మొగుడికి చెప్పుకుందామా అంటే అశోక్‌కుమార్ రెండు చెవులూ హెడ్‌ఫోన్‌కు రాసిచ్చేసిన మనిషి. "మా నాయన అంతే కదా," అంటాడు. ఆ ముక్క కోసం ఒక చెవి తెరిచి, మళ్ళీ మూస్తాడు.

దసరాకు ముందు ఆదివారం శామ్సన్ వచ్చాడు. కె.ఆర్.పురంలో ఒక ఆస్పత్రిలో నర్సు. రోజంతా రక్తం చూసే మనిషికి సెలవు రోజున కత్తులు పోగు చేద్దామని బుద్ధి పుట్టింది. ఎవరో జయరామప్ప పేరు చెప్పారట. కూర్చుంటూనే బ్యాగులోంచి ఒక కత్తి తీశాడు. వీపు మీద రంపపు పళ్ళు, పిడి చివర దిక్సూచి, లోపల అగ్గిపుల్లలు, చేపల గాలం. అందులో లేనిదల్లా పదును ఒక్కటే.

జయరామప్ప తిరగేసి చూశాడు. "ఇది చేసిందెవురప్పా?"

"ఆన్‌లైన్‌లో తీసుకున్నా అంకుల్. అమెరికన్ స్టైల్ అని రాశారు."

"స్టైలు సరే. మనిషి?"

"మనిషి... రాయలేదంకుల్."

జయరామప్ప పిడి మరను విప్పి లోపల చూపించాడు. "ఇనుము వేలంతైనా లోపలికి పోలేదు చూడు. గట్టిగా ఒక దెబ్బ కొడితే పిడి నీ చేతిలో ఉంటాది, కత్తి ఎవురి కాల్లోనో ఉంటాది. మంచోడు చేసిందంటే ఇనుము పిడి ఈ కొన నుంచి ఆ కొన దాకా ఉండాల."

"అందుకే మీ దగ్గరికి వచ్చా. ఫస్ట్ ఒక పది పీసెస్ కొనేసి కలెక్షన్ స్టార్ట్ చేద్దామని."

"పది కొనద్దప్పా. ముందు ఒక మనిషిని చూసుకో. కత్తి ఆమీట."

"ఎవరు మంచి మేకరో ఎలా తెలుస్తుంది అంకుల్? ఫొటోల్లో అందరివీ బాగానే ఉంటాయి."

"ఫొటోలో నేనూ బాగుంటాను," అన్నాడు జయరామప్ప. "పోయి, నీ మంచి కత్తి చూపించు అనద్దు. చెడిపోయింది ఒకటి చూపించు అను. నవ్వుకుంటా తీసి చూపించినాడంటే చేసేటోడు. మా దగ్గర చెడిపోయేదే లేదు సార్ అన్నాడంటే అమ్మేటోడు. ఇంకోటి. ఎవురు చెడగొట్టినారో వాళ్ళే వాపసు తీసుకోవల్ల. ఆ రూలు లేనోడు ఎంత బాగా చేసినా మన గోడకు ఎక్కకూడదు. పేరు లేనిది మాత్రం ఇంట్లోకే తేవద్దు. అందరూ కలిసి చేసినారంటే ఎవురూ చేయలేదని."

వంటింట్లో నళిని చేతిలో మొండికత్తి జారింది. టమోటాను కోయలేని ఆ కత్తి వేలిని మాత్రం చక్కగా కోసింది. వేలు కొళాయి కింద పెట్టుకుని నిలబడి ఆమె నిర్ణయానికి వచ్చేసింది. మడివాళలో ఒక ఇల్లు చూసిపెట్టింది. చిన్నదే, మేడ మీదిది. విజయదశమి పోయిన మరునాడు మొగుడి చెవిలోంచి ఆ హెడ్‌ఫోన్ పీకి మరీ చెప్తుంది, వేరు కాపురమైనా పెట్టు, లేకపోతే నన్నైనా పోనీ అని. ఇంట్లోకే తేవద్దన్న సరుకు తనంతట తానే బయటికి పోతే ఎవరికీ బాధ ఉండదు.

ముందుగదిలో శామ్సన్ కళ్ళు గోడ మధ్యలో ఉన్న కత్తి మీద పడ్డాయి. పొట్టి అలుగు, చింతకొయ్య పిడి, బూడిదరంగు ఉక్కు. చింతామణి ఊరి కమ్మరి రామాంజనేయులు చేసింది. గోడ మొత్తంలో జయరామప్పకు ప్రాణం అదే. "విజయదశమి నాడు రా," అన్నాడు శామ్సన్‌తో. "నీ చేతికిచ్చి చూపిస్తాను. అది పట్టుకున్నాక నీకే తెలుస్తాది, ఎట్లాంటోని కాడ కొనాలో."

ఆయుధపూజకు జయరామప్ప ఏటా చింతామణి పోతాడు, రామాంజనేయులు కొలిమి దగ్గర పూజకు. పోయేముందు కత్తులన్నీ ఎర్రగుడ్డ మీద పరిచి, ఒక్కోదాని పక్కన ఒక చామంతిపూవు పెడతాడు. పక్కన, మీద కాదు. ఆ ఏడు బస్సుకు ఆలస్యమై పూలు పెట్టకుండానే పరుగెత్తాడు. "నళినీ, కత్తులకు పూవు పెట్టమ్మా, చాలు," అని గేటు దగ్గర్నుంచి కేక వేశాడు.

చాలు అన్న మాట నళినికి నచ్చలేదు. ఈ ఇంట ఇదే తన ఆఖరి పండగ. పోతూ పోతూ పూజ సగం చేసిపోయిందని ఎవరూ అనకూడదు. కారుకూ స్కూటరుకూ ఎలా చేస్తారో కత్తులకూ అలాగే చేసింది. విభూతి రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి కుంకుమలో అద్ది, బొరుగులు నైవేద్యం పెట్టింది. మామగారికి ప్రాణమని, రామాంజనేయులు కత్తి మీద మాత్రం ప్రత్యేకంగా అరచెక్క నిమ్మకాయ బోర్లించింది. పూజలో పెట్టిన ఆయుధాన్ని మరునాడు పొద్దుటి దాకా కదిలించకూడదు కదా. కదిలించలేదు.

పొద్దున పూలు తీస్తే నిమ్మకాయ ఉన్నచోట నల్లటి మచ్చ ఉంది, గుండ్రంగా, అంచున తుప్పు ఎరుపుతో. మిగతా కత్తుల మీది విభూతి, కుంకుమ తుడిస్తే పోయాయి. దీని మచ్చ పోలేదు. నళిని వంటింట్లోకి పరుగెత్తింది. రాగిచెంబు నల్లబడితే ఏం చేస్తారో అదే చేసింది, చింతపండు తెచ్చి గట్టిగా తోమింది. రాగికి వచ్చే మెరుపు ఉక్కుకు రాలేదు. మచ్చ మబ్బులా పాకి ఆ వైపు అలుగంతా పట్టింది.

"డిజైన్ లాగా ఉంది, బాగుంది," అన్నాడు అశోక్‌కుమార్ ఒక చెవి తెరిచి. "మచ్చ ఉండేవైపు గోడకు తిప్పి తగిలించు. కనపడదు."

చేతికొచ్చిన ప్రతిదాన్నీ తిరగేసి చూసే మనిషి దగ్గర వెనకవైపు దాచమని సలహా. ఆయన కొడుకే ఇచ్చాడు. వేరే దారి లేక నళిని అలాగే తగిలించింది.

మధ్యాహ్నం కాకముందే జయరామప్ప వచ్చాడు. వెనకే శామ్సన్. కాళ్ళు కడుక్కోవడం కూడా మరిచి గోడ దగ్గరికి పోయి, కత్తి తీసి, శామ్సన్‌కు ఇవ్వబోతూ అలవాటు కొద్దీ తిరగేశాడు.

జయరామప్ప కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"ఇది చేసిందెవురు?"

నళిని గుమ్మంలో నిలబడి ఉంది. ఏడుపు వస్తుందనుకుంది గానీ ఇన్నేళ్ళ కోపం ముందు వచ్చింది.

"నేను మామా," అంది. "నిమ్మకాయ పెట్టింది నేను. చింతపండుతో తోమింది నేను. అందరూ కలిసి చేసింది కాదు, మా పిన్నమ్మ చేసింది కాదు, గ్యాసు పొయ్యి చేసింది కాదు. నేను చేసినాను. పేరు కావల్లంటే కొట్టుకోండి దాని మీద."

జయరామప్ప మచ్చను వెలుతురుకు పెట్టి చూశాడు. "నిమ్మకాయ సరే. చింతపండు దేనికమ్మా?"

"చెంబుకు పెడతారు కదా."

"అది నిజమే," అన్నాడాయన.

శామ్సన్ మధ్యలో పడ్డాడు. "పాలిష్ చేస్తే పోతుందిలే అంకుల్. మేకర్‌కి పంపించేద్దాం. ఆయనే వెనక్కి తీసుకోవాలని మీరే కదా చెప్పింది."

"చెడగొట్టినోళ్ళు వాపసు తీసుకోవల్ల అంటిని," అన్నాడు జయరామప్ప. "రామాంజనేయులు ఏం చెడగొట్టినాడప్పా? ఆ పక్క వాని పని, ముద్ర ఉండాది. ఈ పక్క మా నళిని పని. ఆమే తీసుకోవల్ల." కత్తిని తిప్పి, పిడి వైపు కోడలికి చాచాడు. "పట్టుకోమ్మా. రూలంటే రూలు."

ఇది శిక్ష అనుకుంది నళిని. "నేనేం చేసుకోవాల దీన్ని?"

"కత్తిని ఏం చేసుకుంటారు? కోసుకో. టమోటా తెగదంటివి కదా."

"టమోటాకా అంకుల్?" అన్నాడు శామ్సన్. ఆస్పత్రిలో కూడా అతని గొంతు అలా వణికి ఉండదు.

"గోడకు తగిలించే కత్తి ఎట్లుంటే ఏమప్పా, అది దేన్నీ కోయదు," అన్నాడు జయరామప్ప. "దినమూ ఒక మనిషి చేతిలో ఉండే కత్తికే చేసేటోడు దొరకడు. వంటింటికని ఎంతమంది కాడ చూసినాను. ఒకడు పిడి లావు చేసినాడు, ఒకడు ఇనుము పలచన చేసినాడు. వాపసిచ్చి వాపసిచ్చి నా మొహం చూస్తేనే వాళ్ళకు బేజారు. నిన్న కూడా రామాంజనేయులుతో ఆడవాళ్ళ చేతికి పిడి ఇంత లావైతే ఎట్లరా అని కొట్లాడి వచ్చినాను. ఇది నీ చేతికి సరిపోతాదని ఎప్పుడో తెలుసు. ఇయ్యను మనసొప్పలా." ఆగి, "ఇప్పుడు నిమ్మకాయ ఇప్పించింది," అన్నాడు.

నళిని కత్తి పట్టుకుంది. పిడి చేతిలో ఒదిగింది. ఒదిగినందుకు కూడా ఆమెకు ఒళ్ళు మండింది.

"పేరు లేనిది ఇంట్లోకి తేవద్దంటిరి కదా ఆ పొద్దు. నన్ను దేనికి తెచ్చుకుంటిరి?"

జయరామప్ప నిజంగానే తెల్లబోయాడు. "నీకేమమ్మా పేరు లేకపోయేది? పెళ్ళిచూపులనాడు బజ్జీ మీ పిన్నమ్మ చేసిందా? ఆమె చేతికి పిండి మరక గూడా లేదు. నీ మోచేతికి శెనగపిండి ఎండిపోయి ఉండె. అందరమూ పెంచినామని అనింది చూడు, అప్పుడే తెలిసిపాయ. ఎవురూ పెంచలేదని, ఈ పిల్ల తన్ను తానే చేసుకునిందని. ఇంటికొస్తానే వీనితో చెప్తిని, ఇట్లా పనితనం మళ్ళీ దొరకదురా, వదులుకోవద్దు అని. వీడు నీకు చెప్పలేదా?"

అందరూ మూలన కూర్చున్న అశోక్‌కుమార్ వైపు చూశారు. అతను హెడ్‌ఫోన్ తీశాడు. "ఏమి?"

మళ్ళీ చెప్పారు.

"చెప్పినట్టే గుర్తు," అన్నాడు.

"చెప్పలేదు," అంది నళిని.

"నువ్వు అడగలేదు కదా మరి."

ఇన్నేళ్ళూ మామగారి మీద పెట్టుకున్న కోపంలో సగానికి పైగా తప్పు విలాసానికి పోయిందని నళినికి అర్థమైంది. ఇప్పుడు దాన్ని సరైన విలాసానికి పంపాలి. అది మెల్లగా పంపచ్చు, మొగుడు ఎక్కడికీ పోడు.

ఆ పూట శామ్సన్‌ను భోజనానికి ఆపారు. వంటింట్లో టమోటా మీద కత్తి పెట్టగానే అది బతిమాలించుకోకుండా రెండయింది. నళిని అవసరం లేకపోయినా ఇంకో నాలుగు కోసింది. ముందుగదిలో ఆ చప్పుడు వినలేక జయరామప్ప వరండాలోకి పోయి కూర్చున్నాడు. అక్కడ్నుంచే కేకలు వేశాడు. "తుడిచినావా? పులుపు తగిలినాక వెంటనే తుడవవల్ల. కొబ్బరినూనె చుక్క రాయవల్ల." నళిని బదులు పలకలేదు గానీ, తుడిచింది. మడివాళ ఇంటాయన ఫోన్ చేస్తే తరవాత మాట్లాడతానని పెట్టేసింది.

పళ్ళెం ముందు కూర్చోగానే జయరామప్ప సాంబారులో వేలు ముంచి నాకాడు.

"ఇది చేసిందెవురు?"

"వర్తూరు నళిని," అంది నళిని, గరిటె పట్టుకుని.

"ఉప్పు తక్కువైంది."

"అట్లయితే వాపసు తీసుకోనా మామా?"

ఆమె చెయ్యి పళ్ళెం మీదికి వస్తుండగానే జయరామప్ప దాన్ని గబుక్కున తన వైపు లాక్కున్నాడు.